మీ ప్రశ్నలు: రెండో బియ్యం బస్తా అవసరమా?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకటే గోల. టైమ్ లేదు, డబ్బు చాలట్లేదు, అయినా ఇంట్లోవాళ్ళకి కాస్త మంచి తిండి పెట్టాలి, ఎలా? మొదటి ఉత్తరం చాలా పెద్దది, కొంచెం కుదించాను, కానీ ఆవిడ రాసిన లెక్కలు మాత్రం ఒక్కటి కూడా తీసేయలేదు, ఎందుకంటే జవాబంతా ఆ లెక్కల్లోనే ఉంది.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మేము ఐదుగురం, నేను, మా ఆయన, మా అత్తమ్మ, ఇద్దరు పిల్లలు (ఏడో తరగతి, మూడో తరగతి). నేను బట్టల షాపులో చేస్తా, పొద్దున పదింటికి పోతే రాత్రి తొమ్మిదికి వస్తా. మా ఆయన ఎలక్ట్రీషియన్, ఎప్పుడు పోతాడో ఎప్పుడొస్తాడో ఆయనకే తెల్వదు. పొద్దున అన్నం, ఒక కూర చేసి బాక్సులు కట్టి పోతా. రాత్రికి వారంలో నాలుగు రోజులు కర్రీ పాయింటే, ఒక కూర, పప్పో సాంబారో తెస్తే 120 అయితది. పిల్లలు స్కూల్ నుంచి రాగానే నూడిల్స్, చిప్స్, లేదంటే కింద బేకరీలో ఎగ్ పఫ్, దానికి రోజుకి ఇంకో 60. అత్తమ్మకి షుగర్, మొన్న మూడు నెలల షుగర్ టెస్టు చేయిస్తే 8.6 వచ్చింది. రేషన్ సన్నబియ్యం 30 కిలోలు వస్తాయి, అది కాక ఇంకో పాతిక కిలోల బస్తా కొంటాం, 1,400. గోధుమపిండి 5 కిలోలు, ఇడ్లీ రవ్వ 3, కందిపప్పు 2, మినపప్పు 1, నూనె 5 లీటర్లు, పాలు రోజుకి లీటరు. అన్నీ కలిపి తిండికే 14 వేలు దాటుతుంది. యూట్యూబ్ పెడితే ఓట్స్ తినండి, కినోవా తినండి, చియా, అవకాడో అంటరు, అవన్నీ కొంటే ఇంటి కిరాయి ఎట్ల కట్టాలె? నాకున్న టైమ్‌ల, నాకున్న పైసల్ల ఏమయితదో అది చెప్పండి మేడమ్.
– ఒక సోదరి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీరు లెక్కలు రాసి పంపారు చూడండి, దానికి ముందు దండం, ఎందుకంటే చాలామంది "హెల్తీ డైట్ చెప్పండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు, వాళ్ళింట్లో ఏం వండుతున్నారో తెలియకుండా నేనేం చెప్పాలి?

మీ లెక్కే తీసుకుని చూద్దాం. బియ్యం 55, పిండి 5, రవ్వ 3, మొత్తం 63 కిలోలు, ఐదుగురికి నెల రోజులకి పంచితే మనిషికి రోజుకి 420 గ్రాములు. పప్పులేమో కందిపప్పు, మినపప్పు కలిపి 3 కిలోలు, అంటే మనిషికి రోజుకి 20 గ్రాములు. ఇప్పుడు మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, 2024లో కొత్తగా విడుదల చేసిన సూచనలు తీస్తే, రోజుకి 2,000 కేలరీలు కావాల్సిన మనిషికి బియ్యం, గోధుమ, జొన్న లాంటివన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400, పండ్లు 100, పల్లీలు నువ్వులు లాంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు అని ఉంది. 250 ఉండాల్సిన చోట మీ ఇంట్లో 420, 85 ఉండాల్సిన చోట 20. పిల్లలు తక్కువ తింటారు, మీ ఆయన ఒళ్ళు వంచి పనిచేస్తాడు కాబట్టి ఎక్కువ తింటాడు, అది నిజమే, అయినా ఈ తేడా అంతా దానితో తీరేది కాదు. ఇది మీ ఒక్కరి ఇల్లే అనుకోకండి, మన తెలుగిళ్ళలో చాలా కంచాలు ఇంతే, అన్నం కొండలా ఉంటుంది, మధ్యలో గుంట చేసి పప్పు పోస్తాం, కూర ఒక పక్కన నంజుకోవడానికి.

కాబట్టి కినోవా వద్దు, అవకాడో వద్దు, మీ ఇంట్లో మార్చాల్సింది ఆ రెండో బస్తా ఒక్కటే. ఒక్కసారిగా ఆపేయమనట్లేదు, ఆపితే పిల్లలు రాత్రి పదింటికి మళ్ళీ ఆకలి అంటారు, మీ ఆయన బయట బజ్జీలు తిని వస్తాడు. ముందు ఆ బస్తా రెండు నెలలు వచ్చేలా చూడండి, తర్వాత దానంతట అదే ఆగిపోతుంది. రేషన్ 30, పిండి, రవ్వ కలిపితే 38 కిలోలు, అంటే మనిషికి రోజుకి 250 చిల్లర గ్రాములు, ఎన్ఐఎన్ చెప్పిన లెక్కకి కరెక్టుగా సరిపోతుంది, మీ ఆయన కోసం ఇంకో రెండు కిలోలు జొన్నపిండి తెచ్చుకోండి.

తగ్గించిన అన్నం చోట ఏదో ఒకటి కడుపులో పడాలి, లేకపోతే ఈ ముచ్చట పది రోజులు కూడా నిలవదు. అది పప్పుధాన్యం. ఇప్పుడున్న కంది, మినుములు అలాగే ఉంచి ఇంకో కిలో పెసలు, కిలో శనగలు, కిలో బొబ్బర్లు, అర కిలో మీల్ మేకర్, కిలో పల్లీలు, నెలకి రెండు ట్రేలు గుడ్లు, అంటే 60. మీల్ మేకర్‌ని చాలామంది చులకనగా చూస్తారు గానీ ఎండు ముక్కల్లో 100 గ్రాములకి దాదాపు 50 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఆ ధరలో అంత ప్రొటీన్ ఇంకెక్కడా దొరకదు, వేడి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి గట్టిగా పిండి టమాటా కూరలో వేస్తే పిల్లలు చికెన్ అనుకునే తింటారు. పల్లీల్లో 100 గ్రాములకి పాతిక గ్రాములు, బాదంలో అంతకన్నా కాస్త తక్కువే, ధర చూస్తే బాదం ఎన్నో రెట్లు. ఇవన్నీ కలిపి కొత్తగా పడే ఖర్చు పన్నెండు వందల నుంచి పదిహేను వందల లోపు వస్తుంది, ధరలు కాస్త అటూఇటూ. అటు కర్రీ పాయింట్‌కి నెలకి రెండు వేలు, పిల్లల చిరుతిళ్ళకి ఇంకో పదిహేను వందల దాకా పోతున్నాయి కదా, అందులో సగం ఆగినా ఇదంతా వచ్చేస్తుంది, బస్తా డబ్బులు మిగులే.

సరే, డబ్బు లెక్క తేలింది, టైమ్ సంగతి చూద్దాం, అసలు కష్టం ఇక్కడే. రాత్రి తొమ్మిదికి వచ్చి కూరగాయలు తరిగి వంట చేయమని నేను చెప్పను, పదకొండు గంటలు నిలబడి చీరలు మడతపెట్టి వచ్చిన మనిషికి అలా చెప్పేవాళ్ళకి కాళ్ళ నొప్పులంటే ఏంటో తెలియదు. పొద్దున ఎలాగూ కుక్కర్ పెడుతున్నారు, అందులోనే పప్పు రెండింతలు వేయండి, ఉప్పు కారం ఏమీ వేయకుండా ఉత్త పప్పు. సగంతో పొద్దున తోటకూర పప్పో, దోసకాయ పప్పో చేసి బాక్సుల్లోకి పెట్టండి, సగం చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రి వచ్చాక ఆ పప్పులో చింతపండు రసం, నాలుగు సొరకాయ ముక్కలు, ములక్కాడ వేసి మరిగించి పోపు పెడితే సాంబారు, ఉత్త చారు కావాలంటే ఇంకా తొందరగా అయిపోతుంది. పక్కన ఉడకబెట్టిన గుడ్డు. కర్రీ పాయింట్ దగ్గర లైన్‌లో నిలబడేంత టైమ్ కూడా పట్టదు.

ఇంకొకటి పులగం, మన వాళ్ళు మర్చిపోతున్నారు గానీ అలిసిపోయిన రాత్రికి దీన్ని మించింది లేదు. బియ్యం ఒక గ్లాసు, పొట్టు పెసరపప్పు ఒక గ్లాసు, జీలకర్ర, మిరియాలు, ఇంట్లో ఏ కూరగాయ ఉంటే అది తరిగి వేసి కుక్కర్ పెట్టేసి మీరు స్నానం చేసి రండి, విజిల్స్ అయిపోతాయి. రాయలసీమ వైపు దీంట్లోకి పల్లీల పచ్చడి చేసుకుంటారు, ఆ రెండూ కలిస్తే ఇక వేరే కూర అక్కర్లేదు. బియ్యం పప్పు సగం సగం వేయడం మాత్రం మర్చిపోకండి, చాలామంది నాలుగు గ్లాసుల బియ్యానికి గుప్పెడు పప్పు వేసి పులగం అంటారు.

ఇప్పుడు ఇంకో మాట, మీకు కోపం వచ్చినా సరే. ఉత్తరమంతా చదివాను, నేను చేస్తా, నేను పెడతా, నేను తెస్తా అనే ఉంది. ఇంట్లో అత్తమ్మ ఉన్నారు, ఏడో తరగతి పిల్లో పిల్లాడో ఉన్నారు, మీ ఆయన ఉన్నాడు. అత్తమ్మని పొయ్యి దగ్గర నిలబెట్టక్కర్లేదు, సాయంత్రం టీవీ చూస్తూ ఆకుకూర గిల్లి పెట్టొచ్చు, చిక్కుళ్ళు వలవొచ్చు, బీన్స్ తరిగి డబ్బాలో పెట్టొచ్చు. పొద్దున మీరు శనగలు నానబోసి పోతే సాయంత్రం ఆవిడ కుక్కర్లో పెట్టి తాలింపు వేసి పిల్లలకి గుగ్గిళ్ళు ఇవ్వొచ్చు, ఉల్లిపాయ, నిమ్మకాయ పైన పిండితే ఎగ్ పఫ్ గుర్తుకు రాదు అని నేను అనను, వస్తుంది, వారానికి ఒకరోజు పఫ్ కూడా కొనిపెట్టండి, మిగతా రోజులు గుగ్గిళ్ళు, ఉడకబెట్టిన పల్లీలు, అరటిపండు, జామకాయ. మీ ఆయనకి ఆదివారం రైతు బజార్ అప్పజెప్పండి. మీ కూకట్‌పల్లిలోనే ఉంది కదా, 1999లో ఈ రైతు బజార్లు మొదలైనప్పటి నుంచీ గేటు దగ్గర ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాస్తారు కాబట్టి బేరం తెలియని మగవాళ్ళు కూడా మోసపోయే పని లేదు. తెచ్చినవి వాడే వరస కూడా చెప్తాను, లేకపోతే బుధవారానికి సగం కుళ్ళిపోతాయి. ముందు రెండు మూడు రోజులు ఆకుకూరలు (కడగకుండా, తడి లేకుండా పాత కాటన్ గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి), తర్వాత బెండకాయ, బీరకాయ, వంకాయ, వారం చివర్లోకి క్యారెట్, క్యాబేజీ, గుమ్మడికాయ, సొరకాయ, ఇవి ఆగుతాయి.

నూనె ఇంట్లోనే 5 లీటర్లు అంటే మనిషికి రోజుకి 30 గ్రాములు, కర్రీ పాయింట్ కూరల మీద తేలే నూనె, పఫ్‌లో ఉండే కొవ్వు ఆ లెక్కలో లేనే లేవు. 4 లీటర్లకి దింపండి. సీసా నుంచి నేరుగా బాండీలోకి పోయకుండా గరిటెతో కొలిచి పోస్తే చాలు, అదే తగ్గుతుంది. ఎప్పుడైనా కర్రీ పాయింట్‌కి వెళ్ళాల్సి వస్తే వేపుళ్ళు, మసాలా గ్రేవీలు వదిలేసి పప్పు, సాంబారు తెచ్చుకోండి, గుడ్డు ఇంట్లో ఉడకబెట్టుకోండి.

అత్తమ్మ సంగతి. ఆవిడకి వేరే వంట అవసరం లేదు, ఇప్పుడు చెప్పిన తిండే షుగర్ ఉన్నవాళ్ళు తినాల్సిన తిండి, ఇంట్లో అందరూ అదే తింటే "నాకు మాత్రం పత్యం పెడుతున్నారు" అనే బాధ కూడా ఉండదు. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం తినమనండి, షుగర్ ఒక్కసారిగా లేవదు. ఒక్క విషయంలో జాగ్రత్త, షుగర్ అనగానే అందరూ రాగి జావ మొదలుపెడతారు, రాగులు మంచివే, కాల్షియం వాటిల్లో ఉన్నంత ఇంకే ధాన్యంలోనూ ఉండదు, కానీ మెత్తటి పిండిని పల్చగా కాచి తాగితే అది గబగబా అరిగి షుగర్‌ని పైకి లేపుతుంది, దానికన్నా రాగి సంకటో, జొన్న రొట్టో పప్పుతో తినడం మేలు. 8.6 అంటే తిండి ఒక్కదానితో సరిపెట్టుకునే నంబర్ కాదు, డాక్టర్‌ని కలవాలి, కలిసినప్పుడు "అన్నం తగ్గిస్తున్నాం" అని తప్పకుండా చెప్పండి, పాత డోసు మాత్రలే వేసుకుంటూ తిండి తగ్గిస్తే షుగర్ బాగా పడిపోయి కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. కూరగాయ ముక్క నోట్లో పెట్టడు. లంచ్ బాక్సులో ఏం పెట్టినా ముక్కలు ఏరి పక్కన పెట్టి ఉత్త అన్నం తిని వస్తాడు. నేను పొద్దున ఏడింటికే ఆఫీసుకి బయల్దేరాలి, మళ్ళీ మళ్ళీ వండే ఓపిక లేదు. కూరగాయలు మిక్సీ వేసి పిండిలో కలిపి చపాతీ చేయమంటున్నారు అందరూ. అది మంచిదేనా?
– గుంటూరు నుంచి ఒక తల్లి

జవాబు: చేసుకోండి, తప్పేం లేదు, పాలకూర చపాతీ రుచిగానే ఉంటుంది. కానీ దాచిపెట్టి తినిపించడం మీద నాకు పెద్ద నమ్మకం లేదండి, వాడు పాలకూర తింటున్నానని వాడికి తెలియనప్పుడు పెద్దయ్యాక పాలకూర ఎందుకు తింటాడు?

మీది గుంటూరు, రోటి పచ్చళ్ళ ఊరు, ఇంక భయమెందుకు? ముక్కంటే పడని పిల్లలు చాలామంది పచ్చడి మాత్రం తింటారు. బీరకాయ పచ్చడి, దొండకాయ పచ్చడి, వంకాయ పచ్చడి, కారం తగ్గించి నువ్వులో పల్లీలో వేసి చేయండి, ఆదివారం చేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఇడ్లీలోకి, దోశలోకి, అన్నంలోకి వస్తుంది. ఇది బీరకాయ పచ్చడి అని వాడికి పేరు చెప్పే పెట్టండి. నిల్వ పచ్చడి సంగతి వేరే, దాంట్లో ఉప్పు చాలా ఎక్కువ, మనిషికి రోజు మొత్తం మీద 5 గ్రాములు దాటకూడదు, ఆవకాయ రోజూ పెడితే అందులోనే బోలెడు అయిపోతుంది.

ఇంకోటి ఏంటంటే బాక్సులో పెట్టే కూర మధ్యాహ్నానికి చల్లారిపోతుంది కదా, చల్లారాక ఏది బాగుంటుందో అది పెట్టాలి. సొరకాయ కూర, బీరకాయ కూర నీరు కారిపోయి మెత్తబడి పెద్దవాళ్ళకే నచ్చవు, వాడు ఏరి పారేయడంలో వింతేముంది? క్యాబేజీ పెసరపప్పు, బీన్స్ కొబ్బరి, క్యారెట్ తురుముతో నిమ్మకాయ పులిహోర, గోరుచిక్కుడు పైన పల్లీ పొడి చల్లి, దోసకాయ తురుము కలిపిన పెరుగన్నం, ఇవి చల్లారినా బాగుంటాయి. టిఫిన్‌కి పెసరట్టు వేయండి, రాత్రి పెసలు నానబోస్తే పొద్దున మిక్సీ, పులవబెట్టే పని లేదు, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర అందులోనే వేసేయొచ్చు.

వారానికోసారి మార్కెట్‌కి తీసుకెళ్ళి ఒక కూరగాయ వాడినే ఎంచుకోమనండి, ఏది తీసుకున్నా సరే, వెక్కిరించకండి. బాక్సులో మిగిలిందని ఇంటికి రాగానే తిట్టొద్దు, బెదిరించి తినిపిస్తే వాడికి ఆ తిట్లే గుర్తుంటాయి. కొత్త కూర ఒక స్పూను పెట్టి వదిలేయండి, ఇవాళ తినకపోతే మళ్ళీ వారం పెట్టండి. పిల్లలకి కొత్త రుచి అలవాటవ్వడానికి చాలాసార్లు కనిపించాలి, మనం రెండుసార్లు పెట్టి "వీడికి నచ్చదు" అని ముద్ర వేసేస్తాం.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎప్పుడూ నీరసం, మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10.2 అన్నారు. రోజూ బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరం ఇస్తున్నాను, వారానికి కిలో ఆపిల్స్. నెల దాటింది, పెద్ద తేడా లేదు. ఖర్చు మాత్రం బాగా అవుతోంది.
– అనంతపురం నుంచి ఒక అమ్మ

జవాబు: అమ్మా, బీట్‌రూట్ రంగు చూసి అందరూ రక్తం పడుతుందనుకుంటారు, నిజానికి 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రామ్ కూడా ఉండదు. ఆపిల్‌లో ఇంకా తక్కువ. మంచి కూరగాయే, తినండి, కానీ రక్తం కోసం దాన్ని నమ్ముకోవద్దు. మీ డబ్బులు అక్కడ పోతున్నాయి.

పదకొండు దాటని హిమోగ్లోబిన్ అంటే మధ్యస్థ రక్తహీనత కిందకి వస్తుంది, ఈ వయసు ఆడపిల్లలకి 12 ఉండాలి. దీనికి తిండి ఒక్కటే చాలదు, మందు కావాలి. దగ్గర్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి, ఐరన్ మాత్రలు డబ్బు కట్టకుండానే ఇస్తారు. గవర్నమెంట్ స్కూళ్ళలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు మాత్ర రక్తం తగ్గకుండా ఉండటానికి, తగ్గిపోయాక డాక్టర్ చెప్పిన డోసు వేరే ఉంటుంది. మాత్ర వేసుకున్నాక విరేచనం నల్లగా అవుతుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది, భయపడి ఆపేయకండి, రాత్రి భోంచేసి వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. పాలతో మాత్రం వేసుకోవద్దు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమనండి. టెస్టులో నంబర్ బాగుపడగానే కూడా ఆపకూడదు, డాక్టర్ చెప్పినన్ని నెలలు వాడితేనే ఒంట్లో ఐరన్ నిల్వ అవుతుంది. నులిపురుగుల మాత్ర వేసి ఎన్నాళ్ళయిందో చూసుకోండి, ఏటా ఫిబ్రవరిలో, మళ్ళీ ఆగస్టులో స్కూళ్ళలో వేస్తారు, ఆ రోజు మీ అమ్మాయి స్కూలుకి వెళ్ళకపోతే మిగిలిపోయిన పిల్లలకి తర్వాత ఇంకో రోజు వేస్తారు, అది కూడా తప్పిపోయిందేమో కనుక్కోండి. నెలసరిలో మరీ ఎక్కువగా అవుతుందేమో కూడా మీరే మెల్లగా అడిగి డాక్టర్‌కి చెప్పండి, ఈ వయసులో పిల్లలు తమంతట తాము చెప్పరు.

ఇక తిండి. ఆపిల్ డబ్బులతో జామకాయలు కొనండి, విటమిన్ సి ఆపిల్‌కన్నా ఎన్నో రెట్లు, అన్నంతో పాటు తింటే ఆకుకూరల్లో ఉన్న ఐరన్‌ని ఒంటికి పట్టేలా చేసేది అదే. మీవైపు సజ్జ రొట్టె దొరుకుతుంది కదా, బియ్యం కన్నా సజ్జల్లో ఐరన్ చాలా ఎక్కువ, రొట్టె, తోటకూర పప్పు, పైన నిమ్మకాయ పిండి పెట్టండి. మునగాకు పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది, పప్పులో వేయండి, ఎండబెట్టి నువ్వులతో కలిపి కారప్పొడి కొట్టుకోండి. మాంసం తినేవాళ్ళయితే చికెన్ షాపులో లివర్ అడగండి, మాంసం కన్నా చవక, వారానికి ఒకటి రెండుసార్లు వేపుడు చేసి పెడితే ఆకుకూరల్లో ఐరన్ కన్నా అది తేలిగ్గా పడుతుంది. పులుసులు ఇనప మూకుట్లో వండండి. భోజనం చేసిన వెంటనే టీ మాత్రం ఇవ్వకండి, కనీసం గంట ఆగాలి, మన ఇళ్ళల్లో ఇదొక పాడు అలవాటు, టిఫిన్ ఇంకా నోట్లో ఉండగానే టీ గ్లాసు చేతికిస్తాం.

మీ అమ్మాయి ఒక్కతే అనుకోకండి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మీరు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి, అమ్మాయిని తీసుకెళ్ళినప్పుడే.

ప్రశ్న: గానుగ నూనె వాడితే ఆరోగ్యం అంటున్నారు, లీటర్ మామూలు నూనెకి రెండింతలకి పైనే ఉంది. నెల బడ్జెట్ తట్టుకోవట్లేదు. కొనాలా వద్దా?
– నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: గానుగ నూనె రుచి బాగుంటుంది, వాసన బాగుంటుంది, మీకు స్తోమత ఉంటే వాడండి, లేకపోతే దిగులు పడక్కర్లేదు. గానుగదైనా రిఫైండ్ అయినా గ్రాముకి 9 కేలరీలే. నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు దాటకూడదు, అది నెయ్యితో కలిపి. గానుగ నూనె కదా మంచిదే కదా అని అయిదు లీటర్లు పోసేవాళ్ళని చూస్తున్నా. ఒకే నూనెకి అతుక్కోకుండా ఒక నెల పల్లీ నూనె, ఒక నెల తవుడు నూనె, పోపులకి కాస్త నువ్వుల నూనె అలా మార్చుకోండి. పూరీలు వేయించిన నూనె మళ్ళీ మళ్ళీ కాచడం మాత్రం ఆపండి, ఏ నూనె వాడారన్న దానికన్నా అది ముఖ్యం.

ప్రశ్న: పిల్లల పాలలో కలిపే పొడి నెలకి 500 పైనే అవుతోంది. మానేస్తే ఎత్తు పెరగరేమో అని మా ఆవిడ భయం.
– గాజువాక, విశాఖపట్నం

జవాబు: మానేయండి, ఎత్తు ఎక్కడికీ పోదు. డబ్బా వెనక్కి తిప్పి పదార్థాల పేర్లు చదవండి, ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలని రూలు, చాలా డబ్బాల్లో చక్కెర మొదటి రెండు మూడు పేర్లలోనే కనిపిస్తుంది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ షాపులకి చెప్పింది కూడా, ఇలాంటివాటిని "హెల్త్ డ్రింక్" అనే పేరు కింద పెట్టి అమ్మొద్దని, ఎందుకంటే మన ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనే మాటకి నిర్వచనమే లేదు. ఆ 500తో నెలకి ఇంకో రెండు ట్రేలు గుడ్లు వస్తాయి, కాస్త అటూఇటూగా. పాలు ఉత్తవి తాగలేకపోతే వేయించిన రాగి పిండి ఒక స్పూను కాచి, కొంచెం బెల్లం వేసి ఇవ్వండి. బెల్లం కొంచెమే, అది కూడా చక్కెర లాంటిదే. అదీ తాగకపోతే పెరుగు వేసి పెట్టండి, పాలు గ్లాసులోనే తాగాలని ఎక్కడా లేదు.